పూలజడకు రెండు అద్దాలు

మా అక్క పెళ్లి ఆల్బమ్‌ను బీరువాలోంచి ఒంటిచేత్తో తియ్యొచ్చు. ఆవిడ కూతురి పెళ్లి ఆల్బమ్‌ను దింపాలంటే ఇంకొకరు సాయం పట్టాలి. మొదటిది 1987 వేసవిది, రెండోది 2024 మాఘమాసానిది. రెండు పెళ్లిళ్లూ రామచంద్రపురంలోనే జరిగాయి. ఒకటి ఇంటిముందు తాటాకు పందిట్లో, ఇంకొకటి ఏసీ కల్యాణ మండపంలో. మొన్న ఊరెళ్లినప్పుడు రెండిటినీ మంచం మీద పక్కపక్కనే తెరిచిపెట్టుకున్నాను. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు ఎటూ రెండిట్లోనూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. నేను వెతికింది ఒక గది కోసం. పెళ్లికూతుర్ని చేసిన గది.

పాత ఆల్బమ్‌లో ఆ గదిలో తీసిన ఫోటో ఒక్కటే ఉంది. కొత్త పెళ్లి హార్డ్‌డిస్క్‌లో 386 ఉన్నాయి. ఈ లెక్క చూడగానే రెండు తీర్పులు నోటికొస్తాయి. ‘అప్పుడేముంది పాపం, ఇప్పుడైతే అన్నీ దాచుకోవచ్చు’ అనేది ఒకటి. ‘అప్పటిది నిజం, ఇప్పటిదంతా నటన’ అనేది రెండోది. మా అక్క మొదటి మాట అంది. మా బావగారు రెండోది అన్నారు. నాలుగు రోజులు ఆ పేజీలు అటూ ఇటూ తిప్పాక నాకు ఇద్దరి మాటా నిలబడేట్టు కనిపించలేదు.

ముందు ఒక మాట సంగతి చూడాలి. మన భాషలో పెళ్లికూతురు తనంతట తాను తయారవదు. ఆమెను పెళ్లికూతుర్ని ‘చేస్తారు’. ముత్తయిదువలు నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, పారాణి పూసి, బుగ్గన చుక్క పెట్టి పెళ్లికూతుర్ని చేస్తారు. ఈ క్రియకు కర్తలు పదిమంది. పిల్ల కర్మ. కొత్త హార్డ్‌డిస్క్‌లో ఆ ఫోల్డర్ పేరేమో ‘బ్రైడ్ గెటింగ్ రెడీ’. ఈ వాక్యంలో కర్త పెళ్లికూతురే, ఆ పదిమందికీ చోటు లేదు. రెండు ఆల్బమ్‌లనూ వేరుచేస్తున్నది ముప్పై ఏడేళ్ల కాలం కన్నా ఈ వ్యాకరణమే ఎక్కువ అని నాకనిపించింది. ఆ మార్పులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఫోటో ఫోటోగా చూస్తే గాని ఏది ఎంతో తేలదు.

బీరువా అద్దం

ఆ ఒక్క ఫోటోతో మొదలుపెడతాను. అక్క స్టూలు మీద కూర్చుంది. ముఖం మనవైపు. వీపు బీరువా తలుపుకున్న నిలువుటద్దం వైపు. అద్దంలో మెడ దగ్గర్నుంచి నడుం కిందిదాకా పూలజడ. మధ్యలో మల్లెమొగ్గల వరసలు, అంచులకు కనకాంబరాలు, అక్కడక్కడ మరువం, చివర జడగంటలు. గోదావరి జిల్లాల్లో నలభై దాటిన ఆడవాళ్లకు ఈ భంగిమ గురించి చెప్పక్కర్లేదు. వేసవి సెలవుల్లో మల్లెలు విరగబూసే రోజుల్లో ఆడపిల్లకు పూలజడ కుట్టి, పట్టుపరికిణీ కట్టి, సాయంత్రం స్టూడియోకి నడిపించుకెళ్లేవారు. ఆ పని కోసమే స్టూడియోలో ఓ నిలువుటద్దం ఉండేది. పెళ్లికూతురి ఫోటో ఆ చిన్నపిల్ల ఫోటోకి కొనసాగింపే.

కెమెరాకు ఒక పక్కే కనిపిస్తుంది. జడ చూస్తే వీపు మీద ఉంటుంది. ముఖానికొకటి, జడకొకటి తీస్తే పోలేదా అంటే, ఫిల్ము రోలులో ఉండేవే 36. పెద్ద నెగెటివ్ కావాలని 120 రోలు వేసే యాషికా లాంటి కెమెరా తెస్తే రోలుకు పన్నెండే. అక్క పెళ్లికి 36 బొమ్మల రోళ్లు రెండు మాట్లాడారు. గౌరీపూజ, బుట్టలో తేవడం, జీలకర్ర బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు, ఆడపెళ్లివారి తరఫు గుంపులు, మగపెళ్లివారి తరఫు గుంపులు, ఇవన్నీ పోగా ముస్తాబుకు మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కదాంట్లోనే ముందూ వెనకా పడాలి. అద్దం ఆ పని చేసిపెట్టింది. పొదుపులోంచి పుట్టిన కూర్పు కాబట్టి ఇందులో అంగుళం కూడా దండగ లేదు.

పనితనం కూడా గమనించాలి. ఫ్లాష్ వెలుతురు దండిగా ఉంది గనక స్టూడియో ఆయన లెన్సు ద్వారాన్ని బాగా చిన్నది చేసి తీశాడు. అందుకే ఐదారడుగుల దూరంలో ఉన్న ముఖమూ, అద్దం లోపల ఇంకా వెనక ఉన్నట్టుండే జడా రెండూ తేటగా పడ్డాయి. అద్దం పైమూల ఫ్లాష్ తెల్లగా పేలింది. ఇప్పటివాళ్లు దాన్ని తుడిచేస్తారు. నాకది ఫోటో తీసినాయన సంతకంలా కనిపిస్తుంది.

ఇంతకీ ఈ ఫోటో ఎవరికోసం? తన వీపు మీది జడను పెళ్లికూతురు చూసుకోలేదు. ఆమె పీటల మీద కూర్చున్నప్పుడు వెనక నిలబడ్డవాళ్లు చూస్తారు. నరసాపురంలో పుట్టిన బాపు అమ్మాయిని వెనకనుంచి గీసి, వాలుజడకే ముఖానికుండే కళ తెప్పించినప్పుడు ఆ వెనకవాళ్ల చూపునే పట్టుకున్నాడు. మా ఆల్బమ్‌లోని ఫోటో కూడా జడ కుట్టినవాళ్ల కోసం, కుట్టించినవాళ్ల కోసం తీసిందే. అక్క ముఖంలో ఏ భావమూ లేదు. గడ్డం దించమన్నారు, దించింది. కదలొద్దన్నారు, కదల్లేదు. మాట్లాడుతున్నది జడ. అక్క దాన్ని మోస్తున్న మనిషి. పాతరోజుల మీద మమకారంతో ఈ లోపాన్ని కప్పిపుచ్చడం కుదరదు.

అయితే ఆ జడ మాట్లాడే మాట వినదగ్గది. ఈ ఫోటో పొద్దుగూకే వేళ తీశారు. మల్లెలన్నీ మొగ్గలే, బియ్యపుగింజల్లా బిగుసుకుని ఉన్నాయి. నాలుగు పేజీలు తిప్పితే అర్ధరాత్రి దాటాక తీసిన జీలకర్ర బెల్లం ఫోటో వస్తుంది. అందులో భుజం పక్కనుంచి కనిపించే అదే జడ మొత్తం విచ్చుకుంది, రెండింతలు లావైంది. తెల్లవారగట్ల అరుంధతిని చూపిస్తున్న ఫోటోలో రేకులు వాడి అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఏ ఫోటో మీదా టైము అచ్చుపడలేదు. జడను చూస్తే ఎన్ని గంటలైందో చెప్పొచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. అద్దం కిందిమూల, జడగంటల పక్కన, నాలుగు వేళ్లు. ముడతలు పడ్డవి. ఒక వేలికి రాగి ఉంగరం. అది మా నాయనమ్మ చెయ్యి. అందర్నీ ఫ్రేములోంచి తప్పుకోమన్నారు. ఆవిడా తప్పుకుంది కానీ అద్దం ఆవిడ వేళ్లను పట్టేసుకుంది. ఆ వేళ్ల సంగతి చివర్లో చెబుతాను.

బల్బుల అద్దం

కొత్త ఫోల్డరులోని 386 ఫోటోల్నీ విడదీసి లెక్కపెట్టాను. తొంభై నాలుగింట్లో మనుషులే లేరు. హ్యాంగరుకు వేలాడే పట్టుచీర, అరిటాకు మీద వడ్డాణం, శుభలేఖ మీద వంకీ, చెప్పుల జత, సెంటు సీసా. నూట నలభై మేకప్‌వి. అరవై పెళ్లికూతురు ఒక్కతే ఉన్నవి. నలభై ఎనిమిది అద్దంతో. మిగిలిన నలభై నాలుగింట్లో అమ్మ, మేనత్తలు, స్నేహితురాళ్లు ఉన్నారు.

అద్దంవాటిలో ఒకటి నిజంగా మంచి ఫోటో. చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం ముందు మా పిల్ల కూర్చుంది. ఫోటో తీసినామె వెనకనుంచి, భుజం మీదుగా తీసింది. అద్దంలో ముఖం మాత్రమే తేటగా ఉంది. పెదవులు కొంచెం విడి ఉన్నాయి. కళ్లలో, ఇంకాసేపట్లో ఏదో జరగబోతోందని అప్పుడే తట్టినట్టున్న చిన్న బెదురు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎరిగిన పిల్ల ముఖంలో నేనెప్పుడూ చూడని చూపు అది. అక్క ఫోటోలో లేనిది సరిగ్గా ఇదే. కర్మగా ఉన్న పిల్ల ఇక్కడ కర్త అయింది, తన పెళ్లి గురించి తానేమనుకుంటోందో ముఖంతో చెప్పింది. ఇది చిన్న లాభం కాదు. ‘అంతా నటన’ అన్న మా బావగారి మాట ఈ ఒక్క ఫోటో దగ్గర వీగిపోతుంది.

కానీ ఇదే ఫోటోలో మనకు దగ్గరగా ఉన్నది పూలజడ. అది ఎర్రటి మసకై, పొగమంచులో దీపాల్లా కరిగిపోయింది. లెన్సు ద్వారం పూర్తిగా తెరిచి తీస్తే పదును ఒక్క పొర మీదే నిలుస్తుంది, ముందున్నదీ వెనకున్నదీ అలికినట్టవుతాయి. ఇప్పుడు అందమంటే ఆ అలుకుడే. రెండు ఫోటోల్లోనూ ఉన్నవి అవే మూడు: పిల్ల, అద్దం, జడ. పాతదాంట్లో అద్దం జడను మనకు చూపించి, ముఖాన్ని ఖాళీగా వదిలింది. కొత్తదాంట్లో అద్దం ముఖాన్ని పిల్లకు చూపించి, జడను చెరిపేసింది. ఒకటి వెనకవాళ్ల అద్దం. ఇంకొకటి ముందు కూర్చున్నామె అద్దం.

జడ మసకబారినా పోయిందేమీ లేదేమో అని కూడా అనిపించింది. మాఘంలో మల్లెల కాలం ఇంకా రాదు. కడియపులంక మార్కెట్టు పూలతో, గులాబీ రేకులూ చామంతులూ తెల్లటి జిప్సీ పూలూ అతికించిన జడ ఒకటి అట్టపెట్టెలో తయారుగా వచ్చింది. రాత్రంతా దాని తీరు మారలేదు. ఆ ఆల్బమ్‌లో వేళ తెలుసుకోవాలంటే ఫైలు వివరాల్లోకి వెళ్లి చూడాల్సిందే.

ఇక అక్క కనిపించే ఫోటోల సంగతి. కూతురి చెవికి బుట్టకమ్మ పెడుతున్న అక్క ఫోటో కొత్త ఆల్బమ్‌లో నిండు పేజీలో ఉంది. చూడగానే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. హార్డ్‌డిస్క్‌లో దాని ముందువెనకలు చూశాను. అదే బుట్టకమ్మ తొమ్మిదిసార్లు పెట్టించారు. “ఆంటీ, తీసి మళ్లీ ఒక్కసారి పెట్టండి, నెమ్మదిగా” అని అడుగుతుంటే తాను నవ్వాపుకోలేకపోయానని అక్కే చెప్పింది. నిజానికి కమ్మలు పెట్టింది మేకప్ అమ్మాయి, అంతకు అరగంట ముందు. చేసేవాళ్లు గదిలో ఉన్నారు. అయితే చేసినట్టు కనిపించడానికే ఉన్నారు.

రాత్రి ముహూర్తం

పెళ్లికూతురు ముస్తాబును వరసగా ఫోటోలు తీసే ఈ పద్ధతి మనకు పాశ్చాత్యుల పెళ్లిళ్లనుంచి వచ్చింది. అక్కడ పెళ్లి పగలు. పెళ్లికూతురు పొద్దున్నే పెద్ద కిటికీ పక్కన నిలబడుతుంది, ఎండ మెత్తగా ముఖం మీద పడుతుంది. ఆ పద్ధతిలోని అందమంతా కిటికీ వెలుతురుది. మన ముహూర్తాలు తరచుగా రాత్రివి. ఆ వేళ ముస్తాబంటే ట్యూబులైటు వెలుగే, కిటికీ బయట చీకటి. పైగా కల్యాణ మండపాల్లో పెళ్లికూతురి గది చాలాచోట్ల కిటికీ లేని గది.

ఫోటోగ్రాఫర్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. కిటికీ ఉండే చోటుని, వేళని విడిగా ఏర్పాటు చేసుకుంటారు. మా పిల్ల కిటికీ పక్కన పరదా ఒత్తిగించి బయటికి చూస్తున్న ఫోటో సాయంత్రం నాలుగింటికి హోటల్ గదిలో తీసింది. అప్పటికి నగలు సగమే పెట్టారు. ముహూర్తానికి కట్టే చీర వేరు. అంటే ఆ ఫోటో పెళ్లికూతురిదే కానీ పెళ్లి ముస్తాబుది కాదు. దీన్ని మోసమనను. మండువా లోగిళ్లలో పెళ్లిళ్లు జరిగినన్నాళ్లు నడిమి వాకిట్లోంచి ఆకాశం వెలుతురు పడేది. ఆ ఇళ్లూ పోయాయి, ఆ వెలుతురూ పోయింది. ఉన్న గదిని ఉన్నట్టు తీయడానికి బదులు లేని కిటికీని తెచ్చుకున్నాం. ట్యూబులైటు కింద, అర్ధరాత్రి నిద్రకళ్లతో కూర్చున్న పెళ్లికూతురికి తనదైన అందం ఉంది. దాన్ని తీయడం రెండు ఆల్బమ్‌లవాళ్లకూ చేతకాలేదు. ఒకాయన ఫ్లాష్ కొట్టి రాత్రిని చంపాడు, ఒకామె కిటికీ తెచ్చి రాత్రిని దాటేసింది.

రంగు విషయంలో రెండు కాలాలకూ పెద్ద తేడా లేదు. కలర్ ఫిల్మును ప్రింటు చేసే ల్యాబుల్లో రంగుల్ని సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన ‘షర్లీ కార్డు’ మీద చాలాకాలంపాటు ఉన్నది తెల్ల అమ్మాయి బొమ్మే. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. చామనఛాయ ముఖాలు ఆ తూకంలో తేలిపోయాయి. అంతకు ముందు నలుపుతెలుపు రోజుల్లో స్టూడియోలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో గీసి మచ్చలూ నీడలూ పోగొట్టేవారు. ఇప్పుడు ఆ పెన్సిలు కంప్యూటర్లో ఉంది. మా అక్కా చామనఛాయే, దాని కూతురూ చామనఛాయే. ఇద్దరి ఆల్బమ్‌లలోనూ ఇద్దరూ తెల్లగా ఉన్నారు. నలుగు పెట్టిన ఫోటోల్లో కొత్త కెమెరా ఇంకో చిత్రం చేసింది. గదంతా పసుపే ఉండేసరికి వెలుతురే పచ్చగా ఉందనుకుని, దాన్ని సరిచేయబోయి పసుపుకు నీలం కలిపింది. నలుగు పెట్టిన పిల్ల గంధం పూసిన పిల్లలా వచ్చింది.

మేన కట్టిన సూత్రం

రెండు ఆల్బమ్‌లూ ఇలా చెరిసగం గెలిచి చెరిసగం ఓడాక, మరి ఈ గదిని బాగా చూసినవాళ్లెవరు అని ఆలోచించాను. కాళిదాసు గుర్తొచ్చాడు. కుమారసంభవం ఏడో సర్గలో పార్వతిని పెళ్లికూతుర్ని చేస్తారు. ఆడవాళ్లు ఆమెను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, నగలన్నీ పక్కనే ఉన్నా, ఆమెను చూస్తూ పని మొదలుపెట్టడమే మరిచిపోతారు. పాదాలకు లత్తుక పూసిన చెలికత్తె ఓ కొంటె దీవెన ఇస్తే పార్వతి నోరెత్తకుండా పూలదండతో కొడుతుంది. తల్లి మేన ఊర్ణసూత్రం, అంటే చేతికి కట్టే ఉన్నిదారం, కట్టబోతుంది. కళ్లనిండా నీళ్లు, చూపానదు, కట్టాల్సిన చోట కాకుండా ఇంకోచోట కడుతుంది. దాది తన వేళ్లతో దాన్ని సరైన చోటికి జరుపుతుంది.

రామచంద్రపురం పక్కనే ఉన్న ద్రాక్షారామ భీమేశ్వరుడి మీద పురాణం చెప్పిన శ్రీనాథుడు హరవిలాసంలో పార్వతి పెళ్లి కథను తెలుగు చేశాడు. కాబట్టి ఈ గది మనకు పరాయిది కాదు. కాళిదాసు ఎంచుకున్న మూడు ఘట్టాలూ చూడండి. మొదటిది పని ఆగిన క్షణం. రెండోది పని మధ్య ఆట. మూడోది పని తప్పిన క్షణం. పార్వతి అందం వర్ణించే శ్లోకాలు అక్కడ లేక కాదు, చాలానే ఉన్నాయి. అయినా సర్గ మూసేశాక మనసులో ఉండిపోయేది మేన తప్పు, దాది వేళ్లు.

చిత్రకళలోనూ ఈ చూపు ఉంది. అజంతా 17వ గుహలో అద్దం చూసుకుంటున్న రాకుమారి ఒంటరిగా ఉండదు, పక్కన పరిచారికలుంటారు. అజంతా చూసి, దక్షిణాది తిరిగొచ్చాక అమృతా షేర్‌గిల్ 1937లో ‘బ్రైడ్స్ టాయ్‌లెట్’ గీసింది. తెల్లని ఒంటిఛాయ పెళ్లికూతురు మధ్యలో, ఎర్రటి అరచేతులతో. చుట్టూ నల్లని స్త్రీలు, పిల్లలు. ఎవరి ముఖంలోనూ పెళ్లిసందడి లేదు, గదిలో పని జరుగుతోంది. షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ ఫోటోలంటే ప్రాణమిచ్చే మనిషి, ఇంటివాళ్లను జీవితమంతా తీస్తూనే ఉన్నాడు. ఆ ఇంట్లో కెమెరా ముందు పెరిగిన పిల్ల, కెమెరా అప్పటికి వెళ్లలేని గదిలోకి కుంచె పట్టుకుని వెళ్లింది.

ఈ తూకంలో పెడితే రెండు ఆల్బమ్‌ల లోపమూ ఒకటేనని తెలుస్తుంది. రెండిట్లోనూ తప్పు లేదు. పాతాయన దగ్గర తప్పుకు ఖర్చుపెట్టడానికి ఫిల్ము లేదు. కొత్తామె దగ్గర లెక్కలేనన్ని తప్పులు పడ్డాయి, వాటిని కూర్చుని ఏరి పారేసింది. ఒకరికి తప్పు అందని విలాసం, ఇంకొకరికి చెత్త. మేన కట్టిన ముడి రెండిట్లోనూ కనిపించకుండా పోయింది.

గుమ్మం

తప్పు కనిపించాలంటే కెమెరా గుమ్మం దాటి లోపలుండాలి. అక్క పెళ్లినాడు నేను తొమ్మిదో తరగతి. నన్ను గది బయట కాపలా పెట్టారు. స్టూడియో ఆయన వస్తే, “అమ్మాయిగారు, అయిందా అండీ?” అని గుమ్మం దగ్గరే అడిగేవాడు. మా అమ్మ తలుపు ఓరగా తీసి, “రెండు నిమిషాలండి” అనేది. అలా ముప్పావుగంట గడిచింది. ఆయన లోపలున్నది నిజంగా రెండు నిమిషాలే. చెయ్యడం చూడలేదు, చేసింది చూశాడు. ఆయన ఫోటోలో చేతులు లేకపోవడానికి ఆయన్ని తప్పుపట్టలేను.

ఈ గుమ్మం సమస్య మన దగ్గర ఫోటోగ్రఫీ అంత పాతది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ చేతిలో పెట్టాడు. కెమెరా వెనకా ఆడమనిషే ఉంటే పరదాలో ఉన్నవాళ్లు వస్తారని ఆయన లెక్క. మా పిల్ల ఫోటోలు తీసింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి. గంటన్నర గదిలోనే ఉంది. ఆ బెదురుచూపు ఫోటో వచ్చిందంటే అందుకే. మగవాడి కెమెరా ముందు అక్క ముఖం ఎందుకు మూసుకుపోయిందో, ఆడపిల్ల కెమెరా ముందు దాని కూతురి ముఖం ఎందుకు తెరుచుకుందో వేరే చెప్పక్కర్లేదు.

కానీ గుమ్మం తెరిస్తే లోపలికి వచ్చేవాళ్లతో పాటు బయటికి పోయేవీ ఉంటాయి. మన పెళ్లిలో తెరసెల్ల ఎందుకు? జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదని. పెళ్లికూతుర్ని అంత ముస్తాబు చేసి, బుట్టలో కూర్చోబెట్టి తెచ్చి, తెర వెనక దాచడంలో ఒక నాటకం ఉంది. తెర తొలగేసరికి ఆ ముస్తాబు మొదటిసారి చూడాల్సిన మనిషి చూస్తాడు. మా పిల్ల పెళ్లిలో తెర పట్టేసరికే పెళ్లికొడుకు ఫోనులో పదకొండు ఫోటోలున్నాయి, ఎవరో స్టేటస్‌లో పెట్టారు. అయినా తెర తీసినప్పుడు ఫోటోగ్రాఫర్ అడిగినట్టే ఆశ్చర్యపడ్డాడు. అక్క పెళ్లిలో తెర తొలగిన క్షణం ఫోటో మసకగా, తలలు తెగి ఉంది. బావగారి కళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే పెద్దవయ్యాయి. ముస్తాబు ఫోటో ఒక్కటే ఉండటం వల్ల ఆ ఫోటోకి ఇంత బలం వచ్చింది. 386 ఉండటం వల్ల ఈ ఫోటో చప్పబడింది. ఒక ఆల్బమ్‌లో ఒక పేజీ ఇంకో పేజీ నుంచి అప్పు తెచ్చుకుంటుందని అప్పుడర్థమైంది.

రెండో ముస్తాబు

మా వైపు చాలా ఇళ్లల్లో జీలకర్ర బెల్లం అయ్యాక పెళ్లికూతురు లేచి లోపలికెళ్తుంది. పట్టుచీర విప్పి మధుపర్కాలు కట్టుకుని రావాలి. తెల్లటి నేత చీర, ఎర్రంచు. పంతులుగారు మైకులో తొందరపెడుతుంటారు. సూత్రధారణ వేళ మించిపోకూడదు. పది నిమిషాల పని. పెళ్లికూతుర్ని నిజంగా ‘చేసేది’ ఆ పది నిమిషాల్లోనే. మేకప్ అమ్మాయి అప్పటికి డబ్బాలు సర్దేసుకుంది. పిన్ని ఒకరు కుచ్చిళ్లు పోస్తారు, మేనత్త జడ ఎత్తిపట్టుకుంటుంది, అమ్మ పిన్నీసుల కోసం అరుస్తుంది. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు.

ఆ వేళకు ఫోటోగ్రాఫర్లెక్కడుంటారు? స్టూడియో ఆయన మండపంలోనే ఉండి రోలు మార్చుకున్నాడట. కాకినాడమ్మాయి వేదిక మీద లైట్లు సర్దుతోంది. ముప్పై ఏడేళ్ల ఎడంలో రెండు కెమెరాలూ సరిగ్గా ఒకే పది నిమిషాలు వదిలేశాయి. ఎందుకంటే ఇద్దరి లెక్కలోనూ ముస్తాబంటే మొదటి ముస్తాబే.

కొత్త పెళ్లిలో ఆ పది నిమిషాలకు ఒక్క ఫోటో ఉంది. ఆల్బమ్‌లోనూ లేదు, హార్డ్‌డిస్క్‌లోనూ లేదు. మా చిన్నాన్న మనవరాలు, ఆరో తరగతి పిల్ల, వాళ్లమ్మ ఫోనుతో తీసింది. వంకరగా ఉంది. ట్యూబులైటు సగం ఫ్రేము మింగేసింది. అందులో మా అక్క మోకాళ్ల మీద కూర్చుని కూతురి కొంగుకు పిన్నీసు పెడుతోంది. రెండు పిన్నీసులు పళ్ల మధ్య ఉన్నాయి. జడలోంచి రాలిన గులాబీ రేకులు అక్క నెత్తిన పడ్డాయి. పెళ్లికూతురి ముఖం ఫ్రేములో లేదు, భుజం దాకానే ఉంది. అక్క పెట్టిన పిన్నీసు వంకరగా ఉంది. మేనత్త చెయ్యి దాన్ని సరిచేయడానికి పక్కనుంచి వస్తోంది.

మా పిల్ల బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసి, “పిన్నీ, 386 చూశావటగా, నీకు నచ్చిందేదో చెప్పు” అంది. ఈ ఫోటో పంపాను. “ఇందులో నేనే లేను కదే!” అని నవ్వింది. అక్క నా భుజం మీదుగా తొంగిచూసి, “నోట్లో పిన్నీసులేవిటే రాక్షసిలాగ, తీసెయ్ అది” అంది.

తీసెయ్యలేదు. మెయిన్ రోడ్డులో ప్రింటు వేయించి, పాత ఆల్బమ్‌లో బీరువా అద్దం ఫోటో ఎదురుగా ఖాళీగా ఉన్న పేజీకి అతికించాను. అతికిస్తూ, ఎన్నేళ్లుగానో అడుగుదామనుకుంటున్నది అక్కని అడిగాను. “అందరూ తప్పుకుంటే నాయనమ్మ మాత్రం చెయ్యి పెట్టి ఎందుకు నిలబడింది?”

అక్క ఆ ఫోటోని దగ్గరగా పట్టుకుని చూసింది. “ఎందుకేవిటి? జడ కట్టడం సరిగ్గా కుదర్లేదు. అమ్మ ఏడుస్తూ కట్టింది కదా, దారం వదులైపోయింది. ఆవిడ పట్టుకోకపోతే ఫోటో అయ్యేలోపు జారి కిందపడేది.”